బడి మైదానము నుండి జకార్తా దాక

బడిపంతులు కీర్తి బడి ప్రహరీని దాటుట అరుదు. హైదరాబాదు వాస్తవ్యులు సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు చరిత్ర అందుకు భిన్నమైనది. 1909లో జన్మించి, ఉస్మానియాలో పట్టభద్రులైన వీరు కాచిగూడ, చాదర్‌ఘాట్ మున్నగు చోట్ల పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేసిరి. వ్యాయామవిద్యలో డిప్లొమా గడించి బాలుర ఆటల భారమును తలకెత్తుకొనిరి. 1943 మొదలు తుదిశ్వాస వరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగా నుండిరి.

బంతిని ఒంటరిగా నడుపుకొనిపోవుట నిషేధించిన పోటీలను, వాలు లేని కాలితోనే ఆడవలసిన పోటీలను వారు నడపిరి. వారి శిక్షణలో నగర పోలీసు జట్టు 1950 నుండి వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచెను. భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణమును, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానమును పొందెను.

1962లో జకార్తాకు పోవునాటికే కాన్సరు వారి ఊపిరితిత్తులను తొలుచుచుండెను. అయినను సెప్టెంబరు 4న జరిగిన తుది పోటీలో, తలకు గాయమై కుట్లుపడిన రక్షకుడు జర్నైల్ సింగును ముందువరుసలో నిలిపిరి. అతడొక గోలు చేసెను. దక్షిణ కొరియాపై 2-1తో భారతము నెగ్గెను. మరుసటి యేడు జూన్ 11న రహీం సాహెబు కన్నుమూసిరి. ఆ స్వర్ణము మనకు మరల దక్కలేదు.

జట్టు ఓడినప్పుడెల్ల ఆటగాండ్రను నిందింతుము. బడి మైదానమున కుర్రవానికి రెండవ కాలిని సైతము మేల్కొలుపు పంతులు ఉన్నాడా యని మాత్రము విచారింపము.