షట్‌డౌన్ చేసినా విండోస్ ఆగదా?

ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకున్నవాళ్లకు ఈ వింత ఎదురవుతుంటుంది. విండోస్‌ని షట్‌డౌన్ చేసి లినక్స్‌లోకి వస్తారు. డి డ్రైవ్‌లో ఫొటోలు చక్కగా తెరుచుకుంటాయి. కొత్త ఫైలు దాచబోతే మాత్రం కుదరదంటుంది. డిస్కు పాడైందేమోనని ఒకటే కంగారు!

డిస్కు బాగానే ఉంది. చిక్కంతా విండోస్ ఆగే తీరులోనే ఉంది.

బల్ల మీద పుస్తకాలు పరిచినవి పరిచినట్టే వదిలి కునుకు తీయడం లాంటిది స్లీప్. పనంతా ర్యామ్‌లోనే ఉంటుంది, కొద్దిగా కరెంటు ఖర్చవుతూనే ఉంటుంది. హైబర్నేషన్‌లో ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసేసి, కంప్యూటర్ పూర్తిగా ఆగిపోతుంది. 2012లో వచ్చిన విండోస్ 8 ఈ రెండో పద్ధతినే కాస్త మార్చి ‘ఫాస్ట్ స్టార్టప్’ అంది. షట్‌డౌన్ నొక్కగానే మన ప్రోగ్రాములు మూస్తుంది గానీ, తన గుండెకాయ లాంటి కెర్నల్‌ని డిస్కులో దాచుకుంటుంది. ఏ ఫైలు ఎక్కడుందో అన్న లెక్కా అందులోనే ఉంటుంది. ఈలోగా లినక్స్ ఆ డ్రైవ్‌లో ఏమైనా రాస్తే, లేచిన విండోస్ పాత లెక్కే నమ్ముకుని ఫైళ్లను చెడగొట్టొచ్చు. అందుకే లినక్స్ చదవనిస్తుంది, రాయనివ్వదు. మొండితనం కాదు, ముందుజాగ్రత్త.

విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో, పవర్ ఆప్షన్స్ కింద ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేస్తే తంటా తీరుతుంది. తొందరలో ఉంటే షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ నొక్కి, లినక్స్ ఎంచుకున్నా చాలు. తమాషా ఏమిటంటే, కెర్నల్ పూర్తిగా మూతపడేది రీస్టార్ట్‌లోనే!

లినక్స్ హైబర్నేట్ అవ్వనంటే మాత్రం కారణం వేరు. దానికి డిస్కులో ‘స్వాప్’ అనే చోటు కావాలి. ర్యామ్ 8 జీబీ ఉండి స్వాప్ 2 జీబీయే ఉంటే, సామానంతా అందులో పట్టడం కష్టమే.