రౌటర్‌కూ కాలం చెల్లుతుంది

సాయంత్రం ఏడు దాటితే నెట్ నత్తనడక నడుస్తోందని మా అక్క ఫోన్ చేసింది. కస్టమర్ కేర్ వాళ్లు 'రౌటర్ ఆపేసి మళ్లీ వేయండి' అన్నారట. వేస్తే బాగానే ఉంటోంది, రెండు రోజులకు మళ్లీ మొదటికే. భద్రతా వ్యవహారాలు రాస్తానంటే మా వాళ్ల లెక్కలో కంప్యూటర్లు బాగుచేస్తానని అర్థం. వెళ్లక తప్పలేదు.

టీవీ వెనక దుమ్ముకొట్టుకుపోయిన పెట్టె. ల్యాప్‌టాప్‌లో 192.168.1.1 తెరిచి యూజర్‌నేమ్ దగ్గర 'అడ్మిన్', పాస్‌వర్డ్ దగ్గర కూడా 'అడ్మిన్' అని కొట్టాను. తలుపు తెరుచుకుంది. ఇంటర్నెట్‌లో ఎక్కడి నుంచైనా రౌటర్ సెట్టింగులు మార్చే వీలు ఆన్‌లో ఉంది. గేటు కెమెరా ఫోన్లో కనిపించాలని బావ అడిగితే, కెమెరా బిగించిన కుర్రాడు అన్నీ బార్లా తెరిచి వెళ్లాడు. డీఎన్ఎస్ గడిలో ఆపరేటర్‌ది కాని చిరునామా ఉంది. మనం బ్యాంకు పేరు టైపు చేస్తే ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పేది డీఎన్ఎస్సే. అది మారిందంటే దారి చెప్పేవాడే చేతులు మారినట్టు.

లోపల ఏ మాల్‌వేర్ ఉందో తేల్చే సాధనాలు నా దగ్గర లేవు. అయితే ఆపి వేస్తే తగ్గి, మళ్లీ తిరగబెట్టే లక్షణం కొత్తదేమీ కాదు. 2016లో ప్రపంచాన్ని కుదిపిన మిరాయ్ పరికరం మెమొరీలో మాత్రమే ఉండేది. కరెంటు తీస్తే పోయేది. పాస్‌వర్డ్ మార్చకపోతే కాసేపటికే తిరిగొచ్చేది. కంపెనీలు పెట్టి వదిలేసిన అరవైకి పైగా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలే దాని ఆయుధం. మరుసటి ఏడాది జులైలో మన దేశంలోనూ బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్‌లు పెద్దసంఖ్యలో మాల్‌వేర్ బారిన పడ్డాయి. పాస్‌వర్డ్ మార్చుకోండని సంస్థ వినియోగదారులకు చెప్పాల్సి వచ్చింది.

మిరాయ్ కుర్రకారు పని. తర్వాత రంగంలోకి దిగింది ప్రభుత్వాల అండ ఉన్న ముఠాలు. వాటికి మన సినిమాలు, ఫొటోలు అక్కర్లేదు, మన చిరునామా కావాలి. దాడి బీజింగ్ నుంచి వస్తే ఇట్టే కనిపెడతారు. ఓ గృహస్థు రౌటర్ నుంచి వస్తే మామూలు రద్దీలో కలిసిపోతుంది.

దీనికి మనకు దగ్గరి ఉదాహరణ లద్దాఖ్. 2022 ఏప్రిల్‌లో రికార్డెడ్ ఫ్యూచర్ సంస్థ ఓ నివేదిక ఇచ్చింది. లద్దాఖ్ సరిహద్దుకు దగ్గరగా ఉత్తర భారతంలో కరెంటు పంపిణీని నడిపించే కనీసం ఏడు లోడ్ డిస్పాచ్ కేంద్రాలను చైనా ముఠా లక్ష్యంగా చేసుకుందని అందులో ఉంది. ఆ ముఠా ఆదేశాలు పంపింది తైవాన్, దక్షిణ కొరియాల్లో ఎవరివో సీసీటీవీ రికార్డర్లు, కెమెరాల మీదుగా. ప్రయత్నాలు జరిగిన మాట నిజమేనని, ఫలించలేదని అప్పటి విద్యుత్ మంత్రి ఆర్.కె.సింగ్ చెప్పారు. తమ కెమెరా లద్దాఖ్ మీద గురిపెట్టిందని ఆ యజమానులకు తెలిసి ఉంటుందనుకోను. మా బావకూ అంతే తెలుసు మరి.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మన చర్చ ఒక్కచోటే ఆగుతుంది: ఆ పరికరం ఎక్కడ తయారైంది? టెలికాం ఆపరేటర్లు నమ్మకమైన వనరుల నుంచే పరికరాలు కొనాలన్న నిబంధన 2021 జూన్ నుంచి అమల్లో ఉంది. మంచిదే. కానీ వోల్ట్ టైఫూన్ అనే చైనా ముఠా అమెరికా మౌలిక వ్యవస్థల్లోకి చొరబడటానికి ముసుగుగా వాడుకున్నది ఎక్కువగా సిస్కో, నెట్‌గేర్ రౌటర్లను. రెండూ అమెరికన్ కంపెనీలే. తయారీదారులు అప్‌డేట్లు ఆపేసినా జనం వాడుతూనే ఉన్న పాత మోడళ్లు అవి. కోర్టు అనుమతితో ఎఫ్‌బీఐ దూరం నుంచే వాటిలోకి వెళ్లి మాల్‌వేర్‌ను తుడిచేసిందని 2024 జనవరిలో ప్రకటించారు. దాంతోపాటే ఓ హెచ్చరిక కూడా చేశారు: రౌటర్ ఆపి వేస్తే మళ్లీ సోకే ప్రమాదం ఉంది! పుట్టిన ఊరు చూసి పెళ్లి చేసి, తర్వాత కాపురం ఎలా ఉందో అడగనట్టుంది మన విధానం.

అక్క ఇంట్లో చేసింది పెద్ద విద్యేం కాదు, వరస తప్పకపోతే చాలు. ముందు ఆపరేటర్ ఇచ్చిన కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకున్నాను. రీసెట్ చేస్తే అవి చెరిగిపోతాయి, ఇక ఆపరేటర్ మనిషి వచ్చేదాకా నెట్ ఉండదు. తర్వాత బయటి వైరు పీకి, పిన్నీసుతో రీసెట్ బటన్ నొక్కి పట్టుకున్నాను. వైరు మళ్లీ పెట్టకముందే పాస్‌వర్డ్ మార్చాను. పెట్టాక మారిస్తే, ఆ కొద్ది నిమిషాలే ఎవడికైనా చాలు. రిమోట్ సౌకర్యం, డబ్ల్యూపీఎస్ ఆపేశాను. బావ కంప్యూటర్‌ను సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లో ఉచితంగా దొరికే టూల్‌తో వెతికిస్తే శుభ్రంగానే తేలింది. ఆ కేంద్రాన్ని సెర్ట్-ఇన్ 2017 నుంచి నడుపుతోంది. ప్రజల సొమ్ముతో నడిచే ఇంత పనికొచ్చే సేవ పేరు మా వీధిలో ఒక్కరూ వినలేదు.

ఫర్మ్‌వేర్ దగ్గర మాత్రం నా చేతిలో ఏమీ లేదు. ఆ మోడల్‌కు చివరి అప్‌డేట్ వచ్చి అయిదేళ్లయింది. ఇక రాదు. పైగా ఇది వాళ్లు బజార్లో కొనుక్కున్న పెట్టె. ఆపరేటర్లు ఇచ్చే పెట్టెల్లో చాలావాటికి అడ్మిన్ పాస్‌వర్డే మనకివ్వరు. అప్పుడు అప్‌డేట్ బాధ్యత పూర్తిగా వాళ్లదే అవ్వాలి, పాత పెట్టెను మార్చాల్సిందీ వాళ్లే. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం అందరికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మకూడదు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తారో కొనేవారికి చెప్పి తీరాలి. మన దగ్గర బిస్కెట్ ప్యాకెట్ మీద కాలం చెల్లే తేదీ ఉంటుంది, రౌటర్ మీద ఉండదు.

కొత్తది కొందామని బావా నేనూ షాపుకెళ్లాం. దీనికి అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయని అడిగాను. అబ్బాయి డబ్బా అటూ ఇటూ తిప్పి, "మూడేళ్లు వారంటీ ఉంది సార్" అన్నాడు.

"అది కాదు బాబూ" అన్నారు బావ. వాడు మరో డబ్బా తీశాడు.