చోకెకిరావ్ కాలిబాట: అపోహలు – వాస్తవాలు

పెరూ దేశంలో కుస్కో నగరానికి పడమరగా, అపురిమాక్ నది లోయకు పైన ఒక కొండ భుజం మీద నిలిచిన ఇంకాల శిథిల నగరం చోకెకిరావ్. సముద్రమట్టానికి సుమారు 3,050 మీటర్ల ఎత్తు. అక్కడికి రైలు లేదు, బస్సు లేదు. నడిచి వెళ్ళి రావడానికి మామూలుగా నాలుగైదు రోజులు పడుతుంది. మచు పిచ్చు గురించి విన్నవన్నీ దీనికీ వర్తిస్తాయనుకోవడం వల్లే ఈ ప్రయాణంపై సగం అపోహలు పుట్టాయి.

మొదటిది కాలం గురించిన అపోహ. ఇంకాలు వేల ఏళ్ల నాటి వాళ్ళని చాలామంది అనుకుంటారు. నిజానికి వాళ్ళ సామ్రాజ్యం విస్తరించింది 15వ శతాబ్దిలో, పచకుతి ఏలుబడిలో. హంపీలో శ్రీకృష్ణదేవరాయలు రాజ్యం చేస్తున్న రోజుల్లో ఆండీస్ పర్వతాలను ఏలినవాడు వైనా కాపాక్. స్పానిష్ సేనలు కుస్కోను పట్టుకున్నది 1533లో. చోకెకిరావ్ కట్టడాలను పచకుతి, ఆయన కొడుకు టోపా ఇంకా కాలాలకు చెందినవిగా పరిశోధకులు భావిస్తున్నారు. అంటే వీటి వయసు అయిదారు వందల ఏళ్లు.

ఈ నగరాన్ని అమెరికన్ హైరం బింగ్‌హామ్ కనుగొన్నాడన్నది మరో మాట. ఆయన 1909లో ఇక్కడికి వచ్చిన సంగతి నిజమే. మచు పిచ్చును చూడడానికి రెండేళ్ల ముందు. కానీ ఆయన వచ్చేసరికే ఇక్కడి పలకరాళ్ల మీద అంతకుముందు వచ్చినవాళ్ల పేర్లు చెక్కి ఉన్నాయి. వాటి పక్కన 1834, 1861, 1885 అని సంవత్సరాలు కూడా ఉన్నాయి. వాటిని బింగ్‌హామే తన రచనలో నమోదు చేశాడు. కాబట్టి ‘కనుగొన్నాడు’ అనడం కంటే ‘లోకానికి చాటాడు’ అనడమే న్యాయం. చుట్టుపక్కల ఊళ్ల రైతులకు ఈ శిథిలాలు ఎన్నడూ అజ్ఞాతం కావు.

ఆ వచ్చినవాళ్లలో పలువురిని రప్పించింది బంగారం ఆశ. క్వెచువా భాషలో చోకెకిరావ్ అంటే ‘బంగారు ఊయల’ అని అర్థం చెబుతారు. ఆ పేరు విని నిధుల కోసం తవ్వినవాళ్లకు బంగారం దొరకలేదు గానీ కట్టడాలకు మాత్రం తీరని నష్టం జరిగింది. ఇదే ఇంకాల చివరి రాజధాని అని 19వ శతాబ్దిలో నమ్మినవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత బింగ్‌హామ్ ఆ గౌరవాన్ని మచు పిచ్చుకు కట్టబెట్టాడు. రెండూ కావు. 1572లో స్పానిష్ సైన్యం చేతికి చిక్కిన చివరి రాజధాని విల్కబాంబా, అడవి లోపల ఎస్పిరిటు పంపా అనే చోట ఉంది.

సూది కూడా దూరనంత బిగువుగా అమర్చిన రాళ్లే ఇంకాల పనితనానికి గుర్తు అన్న నమ్మకంతో వచ్చేవాళ్లకు చోకెకిరావ్ గోడలు మొదట నిరాశ కలిగిస్తాయి. సున్నం లేకుండా, చెక్కిన రాళ్లతో కట్టే పద్ధతిని ఇంకాలు ముఖ్యమైన కట్టడాలకే వాడారు. పైగా ఇక్కడ దొరికేది పొరలు పొరలుగా విడిపోయే పలకరాయి. అది నునుపుగా చెక్కడానికి లొంగదు. అందుకే రాళ్ల మధ్య మట్టి అడుసు పెట్టి గోడలు లేపి, చాలాచోట్ల పైన మట్టిపూత పూశారు. ఇది చేతకానితనం కాదు, ఉన్న రాయి గుణం తెలిసి చేసిన పని.

అందుకు సాక్ష్యం పడమటి వాలులో కనిపిస్తుంది. ప్రధాన కూడలి నుంచి నిటారుగా కిందికి దిగితే మెట్లుమెట్లుగా సాగు గట్లు వస్తాయి. ముదురు రంగు గోడలో తెల్లని స్ఫటిక శిల ముక్కలు పొదిగి లామాల బొమ్మలు తీర్చారు. నాలుగు కాళ్లు, పైకెత్తిన మెడ, నిక్కిన చెవులు, అన్నీ కొద్దిపాటి రాళ్లతోనే. ఇవి వెలుగులోకి వచ్చింది ఈ శతాబ్ది తొలి ఏళ్లలో. నగరమంతా ఒక గంటలో చూసేయవచ్చనుకునేవాళ్లు వీటిని చూడకుండానే తిరుగుముఖం పడతారు. అసలు నగరంలో ఎక్కువ భాగం ఇంకా చెట్లూ పొదల కిందే ఉంది.

ఇక నడక సంగతి. ఎత్తే పెద్ద గండం అనుకోవడం ఇక్కడ అంత సరికాదు. శిథిలాలు కుస్కో కంటే దిగువనే ఉన్నాయి; కుస్కో ఎత్తు సుమారు 3,400 మీటర్లు. ఇక్కడ అసలు పరీక్ష లోయ. కచోరా ఊరి నుంచి ఒకవైపే దాదాపు 30 కిలోమీటర్ల దారి. కపులియోక్ కనుమ నుంచి నది దాకా సుమారు 1,400 మీటర్లు దిగాలి. దిగినంతా మళ్లీ మారంపాటా వరకు ఎక్కాలి. తిరుగు ప్రయాణంలో ఇదే వరస. దిగుడులో మోకాళ్లు అరుగుతాయి. నది ఒడ్డున ప్లాయా రోసలినా దగ్గర ఎండ మాడ్చేస్తుంది, సన్నని ఈగలు కుట్టి దద్దుర్లు లేపుతాయి. వాటిని స్థానికులు ‘పూమా వకాచి’ అంటారు, పూమాను ఏడిపించేది అని. అందుకే అనుభవమున్న గైడ్లు తెల్లవారకముందే నడక మొదలుపెట్టిస్తారు.

అలాగని ఎత్తును తేలిగ్గా తీసుకోకూడదు. పైకి వెళ్తే గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందన్నది పొరపాటు. శాతం అంతే ఉంటుంది, గాలి పీడనం తగ్గుతుంది. వ్యాయామం చేసే దృఢకాయులకు ఎత్తు జబ్బు రాదన్నదీ పొరపాటే. శరీరం అలవాటు పడడానికి కుస్కోలో రెండు మూడు రోజులు ఆగడమే మంచి రక్షణ. కోకా టీ ఊరటనిస్తుందేమో గానీ ఆ విశ్రాంతికి బదులు కాదు. చోకెకిరావ్ నుంచి మచు పిచ్చు దాకా నడిచేవాళ్లు 4,000 మీటర్లు దాటే కనుమలు ఎక్కాలి.

మచు పిచ్చుకు వెళ్లే ‘ఇంకా ట్రెయిల్’ నిబంధనలు ఇక్కడ లేవు. ఆ దారిలో గైడ్లు, మోతగాళ్లతో కలిపి రోజుకు 500 మందికే అనుమతి, గైడ్ తప్పనిసరి, ఫిబ్రవరిలో దారి మూసేస్తారు. చోకెకిరావ్ దారిలో అలాంటి పరిమితి లేదు, సామాను కంచరగాడిదలు మోస్తాయి. గైడ్ లేకుండానూ వెళ్లవచ్చు. అయినా శిథిలాల దగ్గర వివరాల బోర్డులు అంతంతమాత్రమే కాబట్టి, తెలిసినవాడు వెంట ఉంటేనే ఆ గోడలు అర్థమవుతాయి. నడకకు మే నుంచి సెప్టెంబరు వరకు ఉండే పొడి కాలం అనుకూలం. శిథిలాల దగ్గర ఒక పూర్తి రోజు కేటాయించుకోవాలి. లామాల గోడ దాకా దిగి ఎక్కిరావడానికే కొన్ని గంటలు పడుతుంది.