‘అయ్యో పాపం’ తర్వాత ఏమిటి?

ఎదుటివారి కష్టం కళ్లబడినప్పుడు మనసులో రెండు మాటలు ఒకేసారి పుడతాయి. ఒకటి ‘అయ్యో పాపం’, రెండోది ‘దేవుడి దయవల్ల మనం నయం’. మొదటిది కరుణకు మొదలు, రెండోది కృతజ్ఞతకు మొదలు. గుంటూరు బ్రాడీపేటలో ఈ రెండింటికీ రోజూ పని పడుతుంది. పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి వైద్యానికి వచ్చినవాళ్లు స్కానింగ్ కవరు చంకలో పెట్టుకుని, మందుల చీటీ చేత పట్టుకుని లైన్లు, అడ్డరోడ్లు వెతుక్కుంటుంటారు. పది రోజులకు రాసిచ్చిన మందుల్లో మూడు రోజులకు సరిపడా ఇమ్మని మెడికల్ షాపులో అడిగేవాళ్లూ ఉంటారు. పక్కనే జలుబు మాత్ర కొనుక్కుంటున్న మనిషికి తనదీ ఒక జబ్బేనా అనిపిస్తుంది.

తనకంటే కష్టంలో ఉన్నవారిని చూసి మనసు కుదుటపడటాన్ని అమెరికా పరిశోధకుడు థామస్ విల్స్ 1981లో శాస్త్రీయంగా వివరించాడు. ఇది మనిషికి సహజమే, సిగ్గుపడవలసింది కాదు. అయితే ఆ ఊరట ఎదుటివాడి బాధ మీద నిలబడింది. బాగున్నవాడు ఒకడు ఎదురైతే చాలు, ఆవిరైపోతుంది.

అసలు కృతజ్ఞత వేరు. తనకు అందిన మేలును, చేసినవారిని తలచుకోవడం అది. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో 2003లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు తాము కృతజ్ఞతగా భావించే విషయాలను రోజూ రాసుకున్నారు. మరికొందరు ఇతరులకంటే తాము ఏ విధంగా మెరుగో రాసుకున్నారు. ఇతరుల కష్టంలో తోడు నిలిచామని ఎక్కువగా చెప్పింది మొదటి జట్టువారే.

కరుణలోనూ ఒక మెలిక ఉంది. ఎదుటివారి బాధను తన మీద వేసుకుని కుంగిపోయేవాడు చివరికి అక్కడినుంచి తప్పుకోవాలని చూస్తాడు. బాధపడేవారికి మేలు జరగాలని కోరుకునేవాడు దగ్గరకు వెళ్తాడు. టానియా సింగర్, ఓల్గా క్లిమెకీ జరిపిన మెదడు పరిశోధనలు ఈ రెండూ వేర్వేరు స్థితులనీ, కరుణను సాధనతో పెంచుకోవచ్చనీ చూపాయి. గుంటూరు సీమలోని అమరావతి, నాగార్జునకొండల్లో విలసిల్లిన బౌద్ధం మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్షలను సాధన చేయవలసిన గుణాలుగానే బోధించింది.

కృతజ్ఞత కరుణగా మారిన దాఖలా గుంటూరులోనే ఉంది. అమెరికా లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో ఇక్కడికి వచ్చింది. మగ వైద్యుడి ముందుకు ఆడవాళ్లు రాని రోజులవి. ఇళ్లకే వెళ్లి వైద్యం చేసిన ఆమె 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆస్పత్రి తెరిచింది. అదే నేటి కుగ్లర్ ఆస్పత్రి. తన కుటుంబానికి ఆమె చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు జమీందారు భుజంగరావు ఆస్పత్రి ఎదుట ఒక సత్రం కట్టించాడు. రోగుల వెంట వచ్చే బంధువులు తలదాచుకోవడానికి కట్టించిన సత్రం అది. డాక్టరుకు కానుక ఇచ్చి చేతులు దులుపుకొని ఉంటే ఆ రుణం అక్కడితో తీరిపోయేది. తన ఇంటివారు పడిన అవస్థ మరొకరి ఇంటివారు పడకూడదనుకోవడంతో మేలు ముక్కూ మొహం తెలియనివాళ్లకు చేరింది.

గుంటూరు వైద్య కళాశాలలో చదివి అమెరికాలో స్థిరపడిన డాక్టర్లూ ఈ దారే పట్టారు. వారి సంఘం ‘జింకానా’ చేయూతతో గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో పొదిల ప్రసాద్ మిలీనియం బ్లాకు వెలిసింది. చదువు నేర్పిన ఆస్పత్రికి తీర్చుకున్న రుణం అక్కడికి వచ్చే పేద రోగికి వైద్యమైంది.

ఇంత స్తోమత అందరికీ ఉండదు, అవసరమూ లేదు. ఊరు తెలియని ముసలాయనకు ల్యాబు ఎక్కడుందో దగ్గరుండి చూపించడం, చదువురాని తల్లికి ఏ మాత్ర ఎప్పుడు వేయాలో విడమరచి చెప్పడం, రక్తం కావాలన్నప్పుడు ఆరోగ్యంగా ఉన్నవారు ముందుకు రావడం డబ్బుతో పనిలేనివే. ఎవరి కష్టమైనా చూసి ‘మనం నయం’ అనిపించినప్పుడు, ఆ నయంగా ఉన్న చేతులతో వారికి ఏం చేయగలమో కూడా ఆలోచించాలి.