ఆ ‘ఫ్యాక్టరీ’లో సరస్వతీబాయి కూడా ఉంది!

దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అనగానే మనకి అక్కినేని, కె.విశ్వనాథ్ గుర్తొస్తారు. మరి ఆ ఫాల్కే ఎవరు? వికీపీడియా తర్వాత చదువుకోవచ్చు, ముందు ‘హరిశ్చంద్రాచీ ఫ్యాక్టరీ’ చూసేయండి అంటాను. పరేశ్ మోకాశీ తీసిన ఈ మరాఠీ సినిమా 2009లో మన దేశం తరఫున ఆస్కార్‌ ఎంట్రీగా వెళ్లింది. భాష రాకపోయినా సబ్‌టైటిల్స్ చాలు. ఇంటిల్లిపాదీ నవ్వుకుంటూ చూడొచ్చు.

కథ 1911 నాటిది. ప్రింటింగ్ ప్రెస్ వదిలేసి ఖాళీగా ఉన్న ఫాల్కే (నందు మాధవ్) క్రీస్తు జీవితం మీద తీసిన మూకీ చూస్తాడు. అంతే, పిచ్చి పట్టేస్తుంది. మన కథల్ని మనమే తెర మీదికి ఎందుకు తేకూడదు అనుకుంటాడు. 1912లో లండన్ వెళ్లి పని నేర్చుకుంటాడు. విలియమ్సన్ కెమెరా తెప్పించుకుంటాడు. డబ్బులు పెట్టేవాళ్లని నమ్మించడానికి బఠానీ మొలక ఎదగడాన్ని షూట్ చేసి చూపిస్తాడు.

అసలు తిప్పలు ‘రాజా హరిశ్చంద్ర’తో మొదలు. హీరోయిన్ దొరకదు! మనం చంద్రమతి అనే పాత్ర అక్కడ తారామతి. ఆ వేషం చివరికి హోటల్లో పనిచేసే అన్నా సాలుంకేకి దక్కుతుంది. ఆడవేషం వేసే మగాళ్లని మీసం తీయమంటే ఒప్పుకోరు. ఆ సీన్లకి నేను పగలబడి నవ్వాను. సినిమాల్లో చేస్తున్నామంటే పరువు తక్కువ కాబట్టి, బయట ఎవరడిగినా ‘హరిశ్చంద్ర ఫ్యాక్టరీలో పని’ అని చెప్పుకునేవాళ్లట. టైటిల్ అక్కడిదే.

కానీ నా మనసంతా ఫాల్కే భార్య సరస్వతీబాయి (విభావరీ దేశ్‌పాండే) దగ్గరే ఉండిపోయింది. ఇంట్లో సామాన్లు ఒక్కోటీ అమ్ముడైపోతుంటే ఆవిడ గొడవపడదు. ఫిల్మ్‌కి చిల్లులు వేయడం, చీకటి గదిలో కడగడం నేర్చుకుంటుంది. యూనిట్ మొత్తానికి వండి పెడుతుంది. కొడుకు భాలచంద్ర లోహితాస్యుడు అవుతాడు. అంటే మన దేశపు తొలి ఫీచర్ సినిమా ఓ ఇంటి వంటగదిలోంచి కూడా వచ్చిందన్నమాట.

నాకున్న కంప్లైంట్ ఒక్కటే. ఆ ఇంటి కష్టాన్ని సినిమా మరీ తేలిగ్గా నవ్వించి దాటేస్తుంది. డబ్బుల్లేని ఇంట్లో పిల్లల్ని పెట్టుకుని ఆవిడకి ఒక్క రాత్రైనా భయం వేయలేదా? అది మాత్రం చూపించలేదు.

1913 మే 3న ముంబయి కొరోనేషన్ థియేటర్లో ‘రాజా హరిశ్చంద్ర’ విడుదలైంది. అవార్డు ఫాల్కే పేరు మీద ఉంది, సరే. ఈ సినిమా మాత్రం మీ అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. సామాన్లు అమ్మే సీన్ దగ్గర ఆవిడ ఏమంటుందో వినండి.