సంగీతమున ఆనర్సు చదువు

మన యిండ్లలో ఆడపిల్లలకు సంగీతము నేర్పుట క్రొత్త కాదు. ఎనిమిదవయేట సరళీస్వరములు మొదలిడి, పదునాఱవయేటికి పదియో పదునైదో కృతులు నేర్పి, పెండ్లిచూపులనాడు చాపమీద కూర్చుండబెట్టి యొకటి పాడించి, “పిల్లకు సంగీతము కూడ వచ్చును” అని చెప్పుకొని సంతసించుట మనకు వాడుక. పెండ్లియైన మఱునాటినుండి వీణ గోడ చేరును. దానికి గవిసెన తొడుగుదురు. ఆ గవిసెన మరల తీయువారుండరు. మేమును ఆ త్రోవనే నడచినవారము. పుట్టినింటివారు మాకు సారెతో పంపిన బొబ్బిలి వీణ, ఒక్క పనసమ్రాకునుండి తొలిచినది, ఇరువదియేండ్లకు పైగా మా గదిమూలను గవిసెనలోనే యుండెను. ఈ సంగతి మొదటనే చెప్పుకొనుట మేలు. ఏలయన, ఇందు మేము వివరింపబోవు చదువునకు మా యింట తొలుత అడ్డుచెప్పినవారము మేమే.

మా చెల్లెలి కుమార్తె ఇంటరు పరీక్ష ముగియగనే, తాను విశ్వవిద్యాలయమున సంగీతమునే ప్రధానముగా గైకొని ఆనర్సు చదివెదనని పట్టుపట్టినది. ఇంటిల్లిపాదియు మా వైపు చూచిరి. మేమును పెద్దఱికము నిలుపుకొనదలచి, “పాట యింటనే నేర్చుకొనవచ్చును గదా, అమ్మడూ! ఏండ్ల తరబడి కూర్చుండి చదువుట కందేమున్నది?” అంటిమి. పిల్ల కోపింపలేదు. “పెద్దమ్మా, తోడికిని ఖరహరప్రియకును సాధారణగాంధారమే యని మీరే చెప్పితిరి గదా! వీణపై మెట్టును ఒక్కటే. మఱి తోడిలో ఆ గాంధారము ఖరహరప్రియలోవలె ఏల వినబడదు?” అని యడిగినది. మాకు వ్రేళ్లకు తెలియును, చెవికి తెలియును. నోటికి సమాధానము రాలేదు. “మా గురువుగారట్లే చెప్పిరి” అనుట తప్ప మాకు వేఱుమాట దొరకలేదు. అట్టి ప్రశ్నలకు సమాధానము వెదకుటయే ఆనర్సు చదువని తరువాత తెలిసికొంటిమి.

ఈ చదువు ఎట్లు వచ్చినది?

గురువు ఇంట శుశ్రూష చేసి నేర్చుకొను విద్య పాఠశాల గడప త్రొక్కి నూఱేండ్లు దాటినది. 1901లో విష్ణు దిగంబర పలుస్కరుగారు లాహోరున గాంధర్వ మహావిద్యాలయమును స్థాపించిరి. 1919లో విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. వారి తరువాత ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఆ పీఠమును అలంకరించిరి. 1926లో భాత్ఖండేగారి పూనికతో లక్నోలో సంగీత కళాశాల యేర్పడెను. 1927లో మదరాసున కాంగ్రెసు మహాసభతోపాటు జరిగిన సంగీత సమావేశమునుండి 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టినది. 1932లో మదరాసు విశ్వవిద్యాలయమున సంగీతశాఖ నెలకొన్నది. 1960లో ఢిల్లీ విశ్వవిద్యాలయమున సంగీతమునకును లలితకళలకును వేఱుగ ఒక విభాగమే యేర్పడినది. అచట హిందూస్థానీ, కర్ణాటక పద్ధతులు రెండును బోధింతురు. తిరుపతిలో 1983లో వెలసిన పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమునను సంగీతశాఖ కలదు.

సాధారణ పట్టమునకు చదువువారు రెండు మూడు విషయములను సమముగా పంచుకొని చదువుదురు. ఆనర్సు చదువువారు ఒక్క విషయమునే ప్రధానముగా పట్టుకొని దాని లోతు చూతురు. పూర్వము ఢిల్లీలో ఈ పట్టమునకు మూడేండ్లు. 2022లో ప్రవేశపెట్టిన క్రొత్తపద్ధతిని నాలుగేండ్లు చదువుటకును వీలు కలదు. మన సీమలోని సంగీత కళాశాలలలో సర్టిఫికెట్టు, డిప్లొమా పరీక్షలును కలవు. అవి తక్కువవి కావు; వానిలో గానాభ్యాసమునకే పెద్దపీట. పట్టపు చదువులో గానముతోపాటు శాస్త్రవిచారమునకును చోటెక్కువ. తల్లిదండ్రు లీ భేదమును మొదటనే యెఱుగవలయును.

ఏమి చదువుదురు?

మన పెద్దలు సంగీతమును లక్ష్యము, లక్షణము అని రెండుగా చెప్పిరి. పాడునది లక్ష్యము, దాని నియమములను తెలుపునది లక్షణము. ఆనర్సు విద్యార్థిని రెంటిని జంటయెడ్లవలె తోలుకొని పోవలయును.

లక్షణమున మొదట శ్రుతి, స్వరము. తంత్రిని సరిగా సగమున నొక్కి మీటినచో పైషడ్జము పలుకును. మూడింట రెండుపాళ్లు విడిచి మీటినచో పంచమము. నాలుగింట మూడుపాళ్లు విడిచినచో శుద్ధమధ్యమము. చెవికి ఇంపైనది లెక్కకును ఒదుగుచున్నదని ఇచట తెలియును. తరువాత మేళకర్తలు. రిషభ గాంధారముల జోడింపులు ఆఱు, ధైవత నిషాదముల జోడింపులు ఆఱు, మధ్యమములు రెండు. ఆఱును ఆఱును రెండును హెచ్చవేసినచో డెబ్బదిరెండు. పదునేడవ శతాబ్దమున వేంకటమఖి చతుర్దండీ ప్రకాశికలో చూపిన లెక్క యిది. మేళముల పేళ్లలోనే వాని సంఖ్యలు దాచియుంచిరి. “ధీరశంకరాభరణము”లో “ధీ” తొమ్మిది, “ర” రెండు, తిరుగవేసినచో ఇరువదితొమ్మిది. దానికి ముప్పదియాఱు కలిపినచో అఱువదియైదు, అనగా మేచకల్యాణి. మధ్యమ మొక్కటియే మాఱినది. వంటయింట బియ్యము కొలుచుకొనుచు గూడ నేర్చుకొనదగిన లెక్కలివి. ఏడు తాళములు, అయిదు జాతులు, కలిపి ముప్పదియైదు తాళములనుటయు నిట్టిదే.

అటుపై చరిత్ర. పదుమూడవ శతాబ్దమున శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరము, 1550లో రామామాత్యుడు రచించిన స్వరమేళకళానిధి మొదలగు గ్రంథములను చదివి, రాగ మొక్కొక్క కాలమున ఎట్లుండెనో, ఎట్లు మాఱెనో పోల్చిచూడవలయును. ఈ కాలమువారిలో సాంబమూర్తిగారు రచించిన దక్షిణభారత సంగీత సంపుటములు విద్యార్థుల చేతి పుస్తకములు.

ఇచట మన బాలికలకు గొప్ప కలిమి యొకటి గలదు. ముత్తుస్వామి దీక్షితుల వంశీయులైన సుబ్బరామ దీక్షితులుగారు 1904లో ఎట్టయాపురమున అచ్చువేయించిన సంగీతసంప్రదాయప్రదర్శిని తెలుగున వ్రాయబడినది. త్యాగరాజస్వామి కృతులు, క్షేత్రయ్య పదములు తెలుగువి. పరభాషవారు ఈ మాటలను తమ లిపిలో వ్రాసికొని, అర్థము అడిగి తెలిసికొని, శ్రమించి నేర్చుకొనుచున్నారు. మన పిల్లలకది ఉగ్గుబాలతో వచ్చిన భాష. ఆ గ్రంథమున దీక్షితులుగారు స్వరములపై గమకములకు గుఱుతులుంచిరి. మా పిల్ల యడిగిన ప్రశ్నకు సమాధాన మా గమకములలోనే యున్నది. మెట్టు స్వరమునకు స్థానము మాత్రమే చూపును. తోడిలో ఆ స్థానమున తంత్రిని లాగి మధ్యమము వైపు ఊపుదురు. ఆ యూపులోనే తోడి నిలిచియున్నది. హార్మోనియమునకు ఊపు చేతకాదు. 1940లో అఖిల భారత రేడియోవారు ఆ వాద్యమును నిషేధించుటకు చెప్పిన కారణములలో నిదియు నొకటి. ఆ నిషేధము పిమ్మట సడలినది.

పల్లవి పరీక్ష

లక్ష్యమున వర్ణములు, కృతులు పాడుటతో చాలదు. రాగాలాపనము, నెరవు, స్వరకల్పన, రాగము తానము పల్లవి చేయవలయును. పల్లవికి సాహిత్య మొక్క పంక్తియే. దానిని తాళము చెదరకుండ రెట్టింపు వేగమునను, నాలుగింతల వేగమునను పాడవలయును. అప్పటికప్పుడు స్వరములు కల్పించి యెత్తుగడకు చేరవలయును. ఇది పురుషుల సొత్తనుకొను కాలమున డి. కె. పట్టమ్మాళుగారు (1919–2009) సభలలో పల్లవులు పాడి, “పల్లవి పట్టమ్మాళ్” అని పేరొందిరి. వారికి ముందే వీణ ధనమ్మాళు (1867–1938), బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) వంటివారు ఈ విద్యను కాపాడిరి. వారి గానమును మన యిండ్లవారు చెవులార వినిరి. కాని వారి కులవృత్తినిబట్టి వారిని చిన్నచూపు చూచి, తమ పిల్లలకు ఆ విద్య నేర్పుటకు జంకిరి. నేడు ఏ కుటుంబపు పిల్లయైనను బల్లముందు కూర్చుండి ఆ విద్యనే చదువుచున్నది. ఆ స్త్రీల ఋణమును మన మెన్నడును మఱువరాదు.

మా పిల్ల ప్రవేశపరీక్షకు మొదట పోయినపుడు ఖరహరప్రియలో కృతి చక్కగా పాడినదట. పరీక్షకులు, “అమ్మా, నాలుగావర్తములు స్వరము వేయుము” అనగనే గొంతు తడబడి, తాళము తప్పి, కన్నీళ్లతో ఇల్లు చేరినది. దోషము పిల్లది కాదు. మేము నేర్పించినది పాటలనే గాని పాడుకొను శక్తిని గాదు. పెండ్లిచూపులలో స్వరకల్పన యడుగువారుండరు గదా!

సందేహములు

“ఈ చదువు కూడు పెట్టునా?” అని మా మఱదిగారడిగిరి. తప్పుగాని ప్రశ్న కాదది. ఉన్నమాట చెప్పవలయును: పట్టము వచ్చినవారందఱును గాయనులు గారు, విశ్వవిద్యాలయము గొంతు నీయజాలదు. పాఠశాలలలోను కళాశాలలలోను ఉపాధ్యాయత్వము, రేడియో, పాతగ్రంథముల పరిష్కరణము, పరిశోధనము, ఇంటనే శిష్యులకు నేర్పుట. ఇవి ముందున్న త్రోవలు. ఏదియు తలుపు తీసికొని నిలుచుండదు. మఱి యే చదువునకు నిలుచుండుచున్నది?

“తరగతిలో నలువదిమందితో కూర్చుండి నేర్చునది విద్యయా?” యనుట మఱియొక సందేహము. ఇందును కొంత నిజము గలదు. గురుముఖమున నొక్కరుగా కూర్చుండి నేర్చునది తరగతి గడియారమునకు లొంగదు. అందుచే ఈ చదువు చదువువారు కళాశాలలో శాస్త్రమును, వెలుపల నొక గురువుకడ గానమును సాగించుట యుచితము. ఒకటి మఱియొకదానికి బదులు గాదు.

మేము కన్న కష్టము వేఱొకటి. సాధనకు తెల్లవాఱుజాము మంచిదందురు. మన యిండ్లలో ఆడపిల్లకు పనులన్నియు ఆ వేళనే! వాకిలి ఊడ్చుట, ముగ్గు, పాలు కాచుట, తమ్ముని బడికి సిద్ధపఱచుట. మొదటియేడు మా పిల్ల నోరు విప్పులోపలనే ఎవరో యొకరు పిలుచుచుండిరి. “చదువుకొమ్మంటిమి గదా” అని మేము చెప్పుకొంటిమి. చదువుటకు గంటసేపైన ఈయలేదు. ఓడినది పరీక్షలో గాదు, మా వాకిటిలో.

రెండవయేడు మేమే లేచి వాకిలి ఊడ్చితిమి. తమ్ముడు తన జోడు తానే తుడుచుకొన నేర్చెను. నాలుగున్నరనుండి ఆఱువఱకు ఆ గదివైపు ఎవరును పోరాదని కట్టడి చేసితిమి. మఱుసటి ప్రవేశపరీక్షలో స్వరము నిలిచినది. నేడు పిల్ల ఆనర్సులో రెండవ సంవత్సరము చదువుచున్నది.

సోదరీమణులారా! మీ యింట పాడు పిల్లయుండి, పై చదువున కదియే కావలెనని కోరినచో, వెంటనే కాదనకుడు. వెంటనే ఔననియు అనకుడు. ఏ విశ్వవిద్యాలయమున ఏమి బోధింతురో, ప్రవేశమునకు ఏమి పాడింతురో విచారింపుడు. ముందుగ నొక సంవత్సరము స్వరకల్పన, తాళము సాధన చేయింపుడు. అన్నిటికంటె ముఖ్యముగ, దినమున కొక గంట పిల్లకు విడిచిపెట్టుడు. ఆ గంట యీయలేనివారు రుసుము కట్టియు ప్రయోజనము లేదు.

సెలవులకు వచ్చినపుడు మా పిల్ల మా వీణకు గవిసెన తీసి, క్రొత్త తంత్రులు వేయించి, “పెద్దమ్మా, తోడి గాంధార మొకమాఱు మీటుడు” అన్నది. వ్రేళ్లు మొద్దువాఱినవి. రెండుమాఱులు తప్పినది. మూడవమాఱు పలికినది. ఇప్పుడది ఏల అట్లు పలుకునో మాకును తెలియును.