అందరికీ ఒకే మెయిల్ కాదు, ఒక్కొక్కరికీ ఒక మెయిల్

2021 సెప్టెంబరు 20న బ్రిటన్ రక్షణ శాఖ నుంచి ఒక ఈమెయిల్ వెళ్లింది. అప్పటికి కాబూల్ తాలిబన్ల చేతికి చిక్కి నెల దాటింది. బ్రిటిష్ సేనలకు పనిచేసి, దేశం ఎలా దాటాలా అని ఎదురుచూస్తున్న అఫ్గాన్లకు రాసిన మెయిల్ అది. 245 మంది చిరునామాలనూ 'టు' గడిలోనే పెట్టి పంపేశారు. ప్రాణభయంతో తలదాచుకున్నవాళ్ల చిరునామాలు అందరికీ కనిపించాయి. కొందరి ఫొటోలు కూడా బయటపడ్డాయి. ఇద్దరు 'రిప్లై ఆల్' నొక్కారు, వారిలో ఒకరు తానెక్కడున్నదీ చెప్పేశారు. అక్కడి సమాచార కమిషనర్ కార్యాలయం 2023 డిసెంబరులో ఆ శాఖకు 3,50,000 పౌండ్ల జరిమానా వేసింది. 2015లోనూ లండన్‌లో ఇలాంటిదే జరిగింది. హెచ్ఐవీ రోగులకు సేవలందించే ఒక క్లినిక్ 781 మందికి సమాచార పత్రం పంపుతూ ఇదే పొరపాటు చేసింది. దానికి 1,80,000 పౌండ్ల జరిమానా పడింది. ఇలాంటి ప్రతి ఘటన తర్వాతా 'ఇకపై జాగ్రత్తగా, చిరునామాలు దాచే బీసీసీ గడి వాడండి' అనే మాటే వినిపిస్తుంది. ఆ సలహా చాలదని నా అభిప్రాయం. ఒక్క గడి తప్పితే వందలమంది గుట్టు రట్టయ్యే పద్ధతిలోనే లోపముంది. పదిమందికి చెప్పాల్సిన మాటను పది విడి మెయిళ్లుగా పంపాలి. అలా పంపడానికి పైసా ఖర్చులేని సాధనం కమాండ్ లైన్, అంటే టెర్మినల్ అనే తెరలో ఆదేశాలు టైపు చేసి కంప్యూటర్‌తో పని చేయించే పద్ధతి.

మెయిల్ ఎలా ప్రయాణిస్తుందో తెలిస్తే ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఎస్ఎంటీపీ నియమావళే నేటికీ మెయిల్ రవాణాకు పునాది. అందులో ప్రతి మెయిల్‌కూ తపాలా ఉత్తరంలాగే పైన కవరు, లోపల కాగితం ఉంటాయి. సర్వర్లు చూసేది కవరు మీది చిరునామానే. 'టు', 'సీసీ' వరుసలు లోపలి కాగితం మీది రాత మాత్రమే. బీసీసీ అంటే కవరు మీద ఉండి కాగితం మీద లేని పేరు. అంటే ఆ పేరు దాగడమూ దాగకపోవడమూ మనం ఏ గడిలో టైపు చేశామన్న ఒక్కదాని మీదే ఆధారపడుతుంది. మెయిల్‌కు ఒక్కరే గ్రహీత ఉంటే బయటపడటానికి రెండో పేరే ఉండదు.

యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తొలి కూర్పులోనే, అంటే 1971లోనే, 'మెయిల్' అనే కమాండ్ ఉంది. నేటి లినక్స్‌లో దాని వారసుల్ని వాడటం సులువే. 'మెయిల్' అని కొట్టి, హైఫన్ ఎస్ తర్వాత కొటేషన్లలో విషయం రాసి, చివర చిరునామాలు వరసగా ఇస్తే చాలు. హైఫన్ సీ పెడితే సీసీ, హైఫన్ బీ పెడితే బీసీసీ. అయితే చిరునామాలన్నీ ఇలా ఒకే వరుసలో ఇస్తే అవన్నీ 'టు'లోకే చేరతాయి. టెర్మినల్‌లో కొట్టినంత మాత్రాన రక్షణేమీ రాదు. అసలు లాభం లూప్‌లో, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఆదేశంలో ఉంది. ఒక ఫైల్‌లో వరుసకొక చిరునామా రాసుకోవాలి. 'వైల్ రీడ్' అనే రెండు మాటల లూప్ ఒక్కో వరుసనూ చదివి, ఆ ఒక్కరికే మెయిల్ పంపి, తర్వాతి వరుసకు వెళుతుంది. చిరునామా పక్కనే పేరూ రాసుకుంటే పైన 'గారికి' అని పేరుపేరునా సంబోధించవచ్చు.

లూప్‌లోనూ ఒక గొయ్యి ఉంది. చిరునామాల ఫైల్ లూప్‌కు అందుతుండగా, ఉత్తరం ఏ ఫైల్‌లో ఉందో మెయిల్ కమాండ్‌కు విడిగా చెప్పడం మరిచిపోతే, అది మిగిలిన చిరునామాలన్నిటినీ ఉత్తరమే అనుకుని మింగి మొదటి వ్యక్తికి పంపేస్తుంది. ఏది దాచాలనుకున్నామో అదే బయటపడుతుంది. పంపిణీ జాబితా ఉత్తరంలోకి పొంగడం కొత్తేమీ కాదు. 1978 మే 3న డీఈసీ కంపెనీ ఉద్యోగి గ్యారీ థుర్క్ ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి వ్యాపార ప్రకటన పంపారు. తొలి స్పామ్‌గా పేరుబడ్డది అదే. అన్ని చిరునామాలు గ్రహీతల గడిలో పట్టక మిగిలినవి ఉత్తరంలోకే వచ్చిపడ్డాయి. అయితే లూప్‌కు ఒక సుగుణం ఉంది, దాన్ని ముందే పరీక్షించవచ్చు. మెయిల్ కమాండ్ ముందు 'ఎకో' అనే మాట చేర్చి నడిపితే ఏదీ పంపకుండా, ఎవరెవరికి పంపబోతోందో తెర మీద చూపిస్తుంది. ఆ తర్వాత రెండు సొంత చిరునామాలతో నిజంగా పంపి చూసుకోవాలి. బీసీసీ గడికి ఇలాంటి రిహార్సల్ లేదు. ఒకసారి సరిచూసిన స్క్రిప్ట్ వచ్చే నెలా అలాగే నడుస్తుంది, మనిషి చెయ్యి మాత్రం ప్రతిసారీ కొత్తగా తప్పు చేయగలదు.

ఒకే ఉత్తరాన్ని 200 సార్లు పంపడం వృథా కదా అని సాంకేతిక నిపుణులు అడగొచ్చు. ఒకే సర్వర్‌లోని పలువురికి ఒక్క ప్రతి పంపితే చాలన్న ఏర్పాటు ఎస్ఎంటీపీలో మొదటినుంచీ ఉంది. సెకనుకు 56 కిలోబిట్ల లైన్ల కాలంలో ఆ పొదుపు అవసరమే. ఇప్పుడు నాలుగు పేరాల ఉత్తరానికి ఆ లెక్క అనవసరం. అయిదు మెగాబైట్ల పీడీఎఫ్‌ను 200 మందికి జతచేస్తే మాత్రం ఒక గిగాబైట్ అవుతుంది, అక్కడ లింకు ఇవ్వడమే మర్యాద.

ఇది స్పామర్ల చేతికి ఆయుధం ఇవ్వడమే కదా అన్నది ఇంకా బరువైన అభ్యంతరం. స్పామర్లకు ఈ విద్య ఎప్పుడో తెలుసు. అడ్డుకట్టలు సర్వర్ల దగ్గర ఉన్నాయి. ఉచిత జీమెయిల్ ఖాతా నుంచి రోజుకు 500 మందికి మించి పంపలేం. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లు పంపింది తామేనని డొమైన్ స్థాయిలో రుజువు చేసుకోవాలనీ, ప్రచార మెయిళ్లు వద్దనుకునేవాళ్లకు ఒక్క నొక్కుతో తప్పుకొనే వీలివ్వాలనీ 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ షరతు పెట్టింది. ఇంటి కంప్యూటర్ నుంచి నేరుగా పంపితే మెయిల్ చాలాసార్లు స్పామ్ పెట్టెలోనే పడుతుంది. ఎంఎస్ఎంటీపీ లాంటి చిన్న ప్రోగ్రామ్ పెట్టుకుని మీ ఖాతా సర్వర్ ద్వారానే పంపండి, ఒక్కో మెయిల్‌కు మధ్య 'స్లీప్' కమాండ్‌తో కొన్ని సెకన్ల విరామం ఇవ్వండి. తెలుగులో రాసేవాళ్లకు ఇంకో మాట: పాత మెయిల్ కమాండ్లు కొన్ని తెలుగు అక్షరాలను పిచ్చి గీతలుగా మార్చేస్తాయి. మట్ లాంటి ప్రోగ్రామ్ వాడితే విషయమూ ఉత్తరమూ రెండూ సరిగ్గా అందుతాయి.

టెర్మినల్ అంటే జంకేవాళ్ల సంగతేమిటంటారా? పేరుపేరునా విడి మెయిల్ పంపే 'మెయిల్ మెర్జ్' సదుపాయం వర్డ్ లాంటి ప్రోగ్రాముల్లో ఉంది, వాళ్లు దాన్ని వాడుకోవచ్చు. సున్నితమైన సమాచారానికి బీసీసీని నమ్ముకోవద్దని, వేరే మార్గం చూసుకోమని బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం కూడా చెబుతోంది. అపార్ట్‌మెంట్ సంఘం, పూర్వ విద్యార్థుల సంఘం, అమెరికాలోని తెలుగు సంఘం, దేనికి కార్యదర్శి అయినా సరే, మీ చేతిలోని జాబితా మీది కాదు, సభ్యులది. ఈసారి నోటీసు పంపేటప్పుడు ఒక్కొక్కరికీ విడిగా పంపండి.